బొడ్రాయికి నీళ్ళు

మ్యూజియం గుమ్మంలో టికెట్లిచ్చే ఆయన చేతిసంచీ అక్కడి అరలో పెట్టి లోపలికి వెళ్ళమన్నాడు. అరుణ సంచీ అయితే పెట్టింది గానీ, అందులోంచి నీళ్ళ సీసా తీసి చున్నీ చాటున చంకలో ఇరికించుకోవడం ఆయన చూశాడేమోనన్న కొత్త భయం ఒకటి వచ్చి పాత భయాల పక్కన చేరింది. పొద్దుటినుంచీ ఆమె ఒంట్లో ఎక్కడ సందు దొరికితే అక్కడ భయాలు చతికిలబడుతున్నాయి. పెద్ద భయం మాత్రం ఇక్కడ లేదు. అది ఆరాంఘర్ అవతల ఆస్పత్రి మూడో అంతస్తులో, తలుపు మీద ఎర్రబల్బు వెలిగే గదిలో ఉంది. అక్కడ నాలుగేళ్ళ మృదులను మత్తిచ్చి పడుకోబెట్టి, తొడలోంచి గుండెదాకా సన్నటి తీగ పంపి, పుట్టుకతో గుండెలో ఉండిపోయిన రంధ్రానికి చిన్న మూత బిగిస్తున్నారు. తీగతో కుదిరితే సరి, కుదరకపోతే ఛాతీ తెరవాల్సి వస్తుందని డాక్టరమ్మ రేపు వాన పడొచ్చు అన్నంత మామూలుగా చెప్పింది. ఆ మాట వింటూనే శేఖర్ సంతకం పెట్టేశాడు. మొగుడి చెయ్యి కాస్తయినా వణికి ఉంటే బాగుండేదని అరుణకు అనిపించింది, వణకనందుకు అతని మీద కోపం కూడా వచ్చింది. లోపలికి తీసుకుపోయేముందు పిల్ల "అమ్మా, నీళ్ళు" అంది. రాత్రినుంచి గుక్కెడు కూడా ఇవ్వొద్దన్నారు కనక ఇవ్వలేదు. తలుపు మూసుకునేముందు విన్న ఆఖరి మాట అదే, ఆ మాటకు తను ఇచ్చిన జవాబు "లేదు" అని. అప్పటినుంచీ అరుణ కూడా నీళ్ళు ముట్టలేదు.

కన్నతల్లి ఇలాంటి వేళ ఆస్పత్రి విడిచి వస్తుందా అని ఎవరైనా నిలదీస్తే జరిగింది ఇదీ అని చెప్పడమే. థియేటర్ బయట ఒక్కరే ఉండాలన్నారు, శేఖర్ ఉన్నాడు, "నువ్వు కిందికి పోయి జర చాయ్ తాగు, నీ మొఖం చూస్తుంటే నాకు బుగులైతున్నది" అన్నాడు. చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డప్పుడు అమ్మ శివమ్మ ఫోన్ చేసింది. మోకాళ్ళు సహకరించక ఆమె కాలనీలో తామంతా ఉండే ఇంటి దగ్గరే ఆగిపోయింది. "ఇయ్యాల బొడ్రాయి తల్లికి నీళ్ళు పోస్తే అంత మంచిగైతది బిడ్డా, నువ్వు పరేషాన్ గాకు" అని అమ్మ ఇంకా ఏదో చెప్పబోతుంటే, పైనుంచి నర్సు పిలిచినట్టయి అరుణ ఫోన్ పెట్టేసింది. నర్సు పిలిచింది మరెవరినో. కానీ అమ్మ మాట మాత్రం చెవిలో అలాగే ఉండిపోయింది. బొడ్రాయి, ఊరి నడిబొడ్డున పాతిన రాయి, ఊరంతటికీ తల్లి. ఆ ఊరే లేదిప్పుడు, అరుణ మూడో తరగతిలో ఉండగా విమానాశ్రయం కిందికి వెళ్ళిపోయింది. రాయి మాత్రం ఎక్కడుందో ఆమెకు తెలుసు. శంషాబాద్‌లో తెల్లదొర బంగళాను మ్యూజియం చేశారని, అందులో మన బొడ్రాయిని నిలబెట్టారని పోయిన దసరాకు ఊరి కుర్రాళ్ళెవరో వాట్సాప్‌లో ఫొటో పెట్టారు. ఆ ఫొటో చూపిస్తే అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగింది, భుజాలు కదిలాయి, పాపం ఏడుస్తోందనుకుని అరుణ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు అదే గుర్తొచ్చి, చాయ్ గ్లాసు గోడ మీద పెట్టి, ఎదురు కొట్లో నీళ్ళ సీసా, పసుపు పొట్లం కొని, ఆటో ఎక్కేసింది. గగన్‌పహాడ్ దాటేదాకా తను ఏం చేస్తున్నదీ తెలియలేదు. తెలిశాక కూడా ఆటోను వెనక్కి తిప్పమనలేదు.

"రండి రండి, ఇవాళ మీరే మొదటివారు" అంటూ లోపలినుంచి ఒకావిడ ఎదురొచ్చింది. నూలుచీర, మెడలో గుర్తింపు కార్డు, దాని మీద రేవతి అని పేరు, మాటలో కోస్తా యాస. మ్యూజియం చూసుకునేది ఆవిడేనట. పాపం చూడ్డానికి ఎవరూ రాక మొహం వాచిపోయి ఉంది, దొరికిన మనిషిని వదిలేలా లేదు. "బొడ్రాయి ఏ గదిలున్నది మేడమ్?" అని అరుణ అడిగితే, "చివరి గదిలోనండీ, కానీ వరసగా చూస్తేనే బావుంటుంది, నేను చూపిస్తాగా" అని ముందు నడిచింది. ఇక చేసేదేముంది. చంకలో సీసా చల్లగా తగులుతోంది, పిడికిట్లో పసుపు పొట్లం చెమటకు మెత్తబడుతోంది, చెవులు ఫోన్ మీద, కళ్ళు రేవతి వీపు మీద. రైలుదారి వేయించడానికొచ్చిన తెల్ల ఇంజనీరు కట్టించుకున్న ఇల్లట ఇది. పైకప్పు ఎంత ఎత్తంటే కింద మనుషులు ఏమైనా దానికి పట్టనట్టుంది. దూలానికి గుడ్డ పంకా, దాన్ని లాగడానికి గోడలోని కన్నంలోంచి తాడు. గోడ అవతల కూర్చుని లాగింది ఎవరో, వాడికి గాలి ఎవరు విసిరారో అనుకుంటుండగా మూలన చిరుతపులి కనబడి గుండె జారింది. చచ్చి ఎండుగడ్డి కూరిన చిరుత, గాజుకళ్ళు, తెరిచిన నోరు, దాని ఛాతీ మీద నిలువునా కుట్టు. తెరిచి కుట్టారు. అరుణ చూపు తిప్పుకుంది గానీ ఆ కుట్టు ఆమె కళ్ళలోనే ఉండిపోయింది, చిన్నదై, లేతచర్మం మీదికి వచ్చి, దారం పోగులతో సహా. అప్పుడే ఇంటి మీదుగా విమానం వెళ్ళింది. కిటికీ అద్దాలన్నీ గడగడలాడాయి. రేవతి మాత్రం అలవాటైన మనిషిలా చిరుత గురించి చెబుతూనే ఉంది.

విమానాలంటే అరుణకూ అలవాటే, రోజంతా వాటి కిందే ఉద్యోగం. విమానాశ్రయంలో పార్కింగ్ బూత్‌లో కూర్చుని కార్లకు చీటీలిచ్చి కడ్డీ ఎత్తుతుంది. కడ్డీ ఎత్తినప్పుడల్లా మనసులో, ఇప్పుడీ కారు ఈదమ్మ గుడి మీదుగా పోయింది, ఇది బుచ్చయ్య కల్లుదుకాణం మీద ఆగింది, అనుకుంటుంది. నిజంగా ఎక్కడేముండేదో ఆమెకేం తెలుసు, గుట్టలే చదును చేసేశారు. అయినా ఆ లెక్క లేకపోతే పని సాగదు. బొడ్రాయి మాత్రం ఎప్పుడూ ఆ లెక్కలోకి రాలేదు, రానివ్వలేదు. ఎందుకంటే దాన్ని తవ్వి తీసింది బాపు, ఆమె తండ్రి జంగయ్య. ఊరు ఖాళీ చేసేముందు, పాతవన్నీ అప్పజెప్పండి దాచిపెడతామని అధికారులొచ్చి అడిగితే, రాయి మీద చెయ్యి వెయ్యడానికి మగవాళ్ళెవరూ ముందుకు రాలేదు. జంగయ్యే ఒక సాయంత్రం గడ్డపార పట్టుకుపోయి తీశాడు, తెల్లారి గోనెపట్టాలో చుట్టి జీపు ఎక్కించాడు. ఊరి బదులు ఇచ్చిన కాలనీలో వెనకాల అన్నారు, ఎదటా అన్నారు, ఊరి బొడ్డు తెంపినోడి ఇల్లు బాగుపడుతుందా అని. బాపు నవ్వి ఊరుకునేవాడు. అరుణ పెళ్ళయిన ఏడాదికి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ విడుస్తూ గుండె ఆగి కూలిపోయాడు. ఆ తర్వాత పుట్టిన పిల్లకు గుండెలో రంధ్రం. డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది, ఇది ఎవరి తప్పూ కాదమ్మా, చాలామందికి ఉంటుంది అని. అరుణ తల ఊపింది. తల ఊపడం వేరు, నమ్మడం వేరు, అర్ధరాత్రి పిల్ల ఛాతీ మీద చెవి పెట్టి వింటే లోపల ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య బుస్సుమని వినిపించేది డాక్టరమ్మ గీసిన బొమ్మలో లేదు.

"ఇది వాళ్ళ పాప గదండీ" అంది రేవతి, గొంతు కొంచెం తగ్గించి. ఇనుప ఉయ్యాల మంచం, దాని మీద పసుపుపచ్చబడిన దోమతెర, గాజుపెట్టెలో అరచేతిలో పట్టేటంత తోలు బూట్లు, ఒక చేతికుట్టు టోపీ. నాలుగేళ్ళకే పోయిందటండీ పాపం, ఏదో జ్వరం, వెనక తోటలో సమాధి కూడా ఉంది, వెళ్ళేటప్పుడు చూపిస్తాను. నాలుగేళ్ళు. అరుణ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. బూట్ల ముందువైపు అరిగి ఉన్నాయి, ఆ పిల్ల కూడా మృదులలాగే కాలు ఈడ్చి పరిగెత్తేదేమో. అడగకూడదనుకుంటూనే అడిగేసింది. "అప్పుడు వాళ్ళమ్మ యాడుండె మేడమ్?"

రేవతి ఇంతవరకూ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదన్నట్టు ఆమెకేసి చూసింది. "సికింద్రాబాదు వెళ్ళిందటండీ, మందు కోసం. ఎడ్లబండి మీద వెళ్ళి వచ్చేసరికే అయిపోయిందట."

మందు కోసమే పోయింది, పిల్లను విడిచి, పిల్లకోసమే. ఇదీ అదే, నీళ్ళ సీసా పట్టుకుని తనూ ఇలాగే వచ్చింది, వెళ్ళేసరికి శేఖర్ కుర్చీలో లేకపోతే, ఎర్రబల్బు ఆరిపోయి ఉంటే, నర్సులు తనను చూసి పక్కకు తప్పుకుంటే. ఫోన్ తీసి చూసింది, ఏమీ లేదు. ఏమీ లేదంటే మంచిదా చెడ్డదా, అంతా బాగుంటే చెయ్యడా, బాగా లేకపోతే ఎలా చెప్పాలో తెలియక చెయ్యడంలేదా. వెనక్కి పరిగెత్తాలనిపించింది. ఇంతదూరం వచ్చి తల్లికి నీళ్ళు పొయ్యకుండా పోతే అది ఇంకో భయం. ఎటు కదిలినా భయమే, అందుకని ఆ తెల్లతల్లి కుట్టిన టోపీ అంచు మీద చూపు పెట్టి నిలబడిపోయింది. ఆ కుట్లు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో, ఆమె పెళ్ళాడి ఏ దేశంనుంచి వచ్చిందో, బండి దిగి ఈ గుమ్మంలోనే ఏమని అరిచిందో, ఆ అరుపు ఎంత గట్టిదైనా ఇంత ఎత్తు కప్పు ఒక్క అంగుళమైనా కిందికి దిగి ఉండదు. ఇంకో విమానం వెళ్ళింది. మంచం మీద దోమతెర సన్నగా కదిలింది. "పదండి మేడమ్, జల్ది పోదాం" అంది అరుణ.

అసలు మృదుల చేసిన పాపమేమిటి? ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డనూ ఇరవై ఒకటో రోజున తలంటి తీసుకుపోయి బొడ్రాయి ముందు చాట మీద పడుకోబెట్టేవాళ్ళు. ఇదిగో తల్లీ, నీ ఊళ్ళోకి ఇంకొకరు వచ్చారు చూసుకో అని చెప్పేవాళ్ళు. అరుణను పడుకోబెట్టారు, అన్నలను పడుకోబెట్టారు. మృదుల పుట్టేసరికి పడుకోబెట్టడానికి ఊరూ లేదు రాయీ లేదు. ఎట్లనే అమ్మా అంటే, అయింది తియ్ అని శివమ్మ కొట్టిపారేసి ఆ రోజు పిల్లకు ఎప్పటికంటే కాస్త ఎక్కువసేపు నీళ్ళు పోసింది, అంతే. నీళ్ళు పోయడంలో అమ్మకు ఉన్నన్ని చాదస్తాలు ఎవరికీ లేవు. పెరట్లో కుళాయి పక్క బండ మీద పసిపిల్లలకు తప్ప ఇంకెవరికీ స్నానం లేదు, అంట్లు తోమితే తిట్లు, శేఖర్ ఒకసారి తెలియక బురద బూట్లు కడిగితే అల్లుడన్న మర్యాద కూడా చూడకుండా అరిచింది. మొదటి చెంబు ఎప్పుడూ పిల్ల మీద కాదు, బండ మీద. రాయి చల్లగుంటది, పోరికి జలుబు చేస్తది, అందుకే జర వెచ్చజేస్తున్న, అనేది. నాలుగేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు. చెయ్యాల్సింది చెయ్యకుండా చెయ్యక్కర్లేనివన్నీ చేస్తుంది అమ్మ, అని అరుణ లోలోపల విసుక్కునేది. పిల్లను తల్లికి చూపించలేదు. తల్లికి ఈ పిల్ల ఉన్నట్టే తెలియదు. తెలియని పిల్లను ఆ తల్లి ఎందుకు కాపాడుతుంది?

చివరి గదిలో నాగళ్ళు, ధాన్యం కొలిచే పాత్రలు, ఎవరింటివో గడపలు, వాటి మధ్య చెక్క పీట మీద మోకాలెత్తు నల్లరాయి. పక్కన అట్ట మీద పెద్ద అక్షరాలతో బొడ్రాయి అని రాసి ఉంది. రేవతి ఏదో మొదలుపెట్టింది గానీ, టికెట్ల ఆయన కేకవేస్తే, ఒక్క నిమిషమండీ అంటూ బయటకు వెళ్ళింది. ఆ ఒక్క నిమిషం చాలు. అరుణ చెప్పులు విడిచి, రాయి ముందు కూలబడి, సీసా మూత తిప్పితే చేతులకు పట్టు దొరకలేదు, పళ్ళతో తిప్పింది. తల్లీ, మా బాపు నిన్ను కదిలించిండు, తప్పే, మాఫ్ చెయ్యి, ఆయనను తీస్కపోయినవ్ గద, ఇగ చాలదా, పసిదానికేం తెలుసు, దాని పేరు మృదుల, నీకెవ్వరు చెప్పలే గాని అది గూడ నీ బిడ్డనే, నీళ్ళు అడిగింది తల్లీ, నేను ఇయ్యలే, నువ్వు తాగు, దాన్ని ఇడిశిపెట్టు. నీళ్ళు రాయి మీదుగా జారి పీట మీదికి, పీట మీంచి నేల మీదికి పోతున్నాయి. పసుపు తడిపి, తలమీద రాద్దామని చెయ్యి పెట్టి, వేళ్ళు గుంట కోసం వెతికాయి. బొడ్రాయి నెత్తిన చిన్న గుంట ఉండేది, పిడికెడు నీళ్ళు పట్టేంత. ఎండాకాలం పిచ్చుకలు అందులో తాగేవి, బడికి పోతూ అరుణ అందులో బొటనవేలు ముంచి బొట్టులా పెట్టుకునేది. గుంట లేదు. అటు తడిమింది, ఇటు తడిమింది, నున్నగా ఉంది. చెయ్యి కిందికి జారితే, రాయి మెడ చుట్టూ ఒరిపిడికి అరిగిన గాడి తగిలింది. ఆ గాడి ఆమె వేళ్ళకు తెలుసు. కొట్టంలో రెండు ఎడ్లను కట్టేసిన పలుపు ఏళ్ళ తరబడి రాసుకుని పడిన గాడి అది, చిన్నప్పుడు అందులో వేలు పెట్టి చుట్టూ తిరిగేది, ఎద్దు మూతితో వీపు మీద నెట్టేది. ఇది బొడ్రాయి కాదు. ఇది వాళ్ళింటి ఎడ్ల రాయి.

అప్పుడు పట్టుకున్న భయం ముందు, పొద్దుటినుంచి పడ్డవన్నీ ఉత్తుత్తివి. ఎడ్లను కట్టిన రాయికి మొక్కుకుంది, ఎడ్లను కట్టిన రాయికి పిల్ల పేరు చెప్పింది. మరి తల్లి ఏది? బాపు ఏం చేశాడు, ఎక్కడ పారేశాడు? రన్‌వే కింద, సిమెంటు కింద, దాని నెత్తి మీంచి విమానాలు దొర్లుతూ ఉంటే, ఎవరూ చుక్క నీళ్ళు పొయ్యక ఇన్నేళ్ళుగా అక్కడ ఎండిపోతూ ఉందా? ఇక పిల్ల దక్కదని ఆ నిమిషంలో అరుణకు ఎవరో చెప్పినంత స్పష్టంగా అనిపించింది. పసుపు చేత్తోనే అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, బాపు ఏం రాయి ఇచ్చిండే వీళ్ళకు?"

అవతల కుళాయి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. "నువ్వు యాడున్నవే?"

"మ్యూజియంల. నువ్వే అంటివి గద, బొడ్రాయికి నీళ్ళు పోస్తే మంచిగైతదని."

"ఓసి నా పిచ్చి బిడ్డా! పోరిని ఇడిశి ఆడికి ఉరికినవా? నేను పోస్త అని చెప్పేలోపల ఫోను పెట్టేస్తివి. పోస్తున్ననే ఈడ, పొద్దుగాల్నుంచి పోస్తనే ఉన్న."

"ఈడ అంటే యాడ?"

"పోరికి తానం పోసే బండ లేదా, దాని కిందనే ఉన్నది తల్లి. మీ బాపు వాళ్ళకు ఎడ్లరాయిని అప్పజెప్పిండు, అమ్మవారిని బండిల గడ్డి కింద పెట్టి ఈడికి తోల్కొచ్చిండు. ఉత్తగ పాతితే నీళ్ళు ఎవరు పోస్తరు, పసిపిల్లలకు తానం పోసే తావైతే రోజు పడ్తయ్, ఎవ్వలకు అనుమానం రాదు అన్నడు. పిల్లలకు గూడ చెప్పద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నడు. నువ్వు ఆ ఫొటో చూపిస్తే నవ్వాపుకోలేక సచ్చిన."

అరుణకు మొదట వచ్చిన ఆలోచన కూడా భయమే, ఇంకేమొస్తుంది. "కాళ్ళు తగిలినయ్ గదమ్మా. ఆ బండ మీదనే పెరిగింది అది. ఉచ్చ గూడ పోసింది."

"పసిపిల్ల కాళ్ళు తగిలితే తల్లికి కోపమొస్తదానే?" అంది శివమ్మ. "ఇరవై ఒకటోనాడు నా కాళ్ళ మీద బోర్లేసుకొని, అదే బండ మీద చెప్పిన, గిది జంగయ్య మనుమరాలని. ఇగ లెయ్యి, దవాఖానకు పో."

గుమ్మంలో రేవతి నిలబడి ఉంది. నేల మీద నీళ్ళనీ, పసుపు పూసిన రాయినీ, ఏడుస్తున్న మనిషినీ చూసి ఆవిడ కేకవెయ్యలేదు, మూలనున్న గుడ్డ తీసుకుని పీట తుడవడం మొదలుపెట్టింది. "చెక్క పాడవుతుందండీ, లేకపోతే నాకేం అభ్యంతరం లేదు" అంది. "పసుపు ఉంచమంటారా, తుడవమంటారా?" అట్ట మీద రాసింది తప్పని చెప్పడానికి అరుణ నోరు తెరిచింది, అమ్మ ఒట్టు గుర్తొచ్చి మూసుకుంది. "ఉండనీండి మేడమ్" అంది. పాపం ఇన్నేళ్ళు రెండు ఎడ్లను ఆపిన రాయి, ఒక పూట పసుపు పూసుకుంటే ఎవరి సొమ్మేం పోయింది. లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. తెలిసింది మంచిదే, కానీ ఎర్రబల్బు ఇంకా వెలుగుతూనే ఉంది కదా, తల్లికి తెలిసిన పిల్లలు కూడా పోతారు కదా, తెల్లతల్లి దేవుడికీ ఆ పాప పేరు తెలిసే ఉంటుంది. సంచీ కూడా మరిచి, పిల్ల గది దాటేటప్పుడు ఆ వైపు చూడకుండా, చిరుత వైపు చూడకుండా, వరండా మెట్లు దిగుతుంటే చేతిలో ఫోన్ మోగింది. శేఖర్. పేరు వెలుగుతోంది, ఆరుతోంది. దాన్ని ఎత్తడంకన్నా ఆ మెట్ల మీదే రాయైపోవడం సులువు. ఎత్తింది.

"ఎక్కడున్నవే? క్యాంటీనంత దేవులాడిన" అన్నాడు శేఖర్, ఈసారి గొంతు వణుకుతోంది. "మూత మంచిగ కూసున్నదంట. తెరిసేది లేదంట. కళ్ళు తెరిసింది అరుణా. నీళ్ళు నీళ్ళు అని ఒక్కటే ఏడుపు. ఇంకో గంటదాక ఇయ్యద్దంటున్నరు, నాతోని ఐతలేదు, నువ్వు రా."

"వస్తున్న" అంది అరుణ. ఆ ఒక్కమాటే మూడుసార్లు అంది. గేటు బయట ఆటోకోసం చెయ్యి ఎత్తబోతే చేతిలో సీసా ఇంకా ఉంది, సగం నీళ్ళతో. నాలుక పిడచగట్టుకుపోయి ఉంది గానీ తాగబుద్ధి కాలేదు. పసుపు వేళ్ళతో మూత గట్టిగా బిగించి, సీసా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంది.